పేదవాడికి ఆగే స్తోమత ఎవరిస్తారు?

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది. మీ తాత ఊళ్ళో ఒక ఆసామి దగ్గర జీతగాడు. మీ నాయన కూలి. నువ్వు డిగ్రీ పూర్తి చేసి తిరుపతిలో బండి మీద డెలివరీలు చేస్తున్నావు. చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం. మీ అమ్మ కమ్మలు కొట్లో కుదవలో ఉన్నాయి. మూడు తరాలుగా ఇదే వరస, దీంట్లోంచి మనుషులు బయటపడేలా సమాజం చేయగలిగింది ఏమైనా ఉందా, లేక ఎవరి తిప్పలు వాళ్ళు పడాల్సిందేనా?

నాకు అరవై మూడేళ్ళు, అందుకే చనువుగా నువ్వు అంటున్నా, ఏమనుకోవద్దు. నేను ఆర్థికవేత్తను కాను. ఒక గ్రామీణ బ్యాంకులో గుమాస్తాగా చేరి ముప్పయ్యొక్క సంవత్సరాల తర్వాత మేనేజరుగా రిటైరయ్యాను. పుంగనూరు వైపు కొన్నాళ్ళు, పాకాల, బంగారుపాళెం, చివర్లో సత్యవేడు. అంతా ఉమ్మడి చిత్తూరు జిల్లాయే. పేదరికం గురించి నాకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం లెడ్జర్ల లోంచి, కౌంటర్ అవతల నిలబడ్డ మనుషుల మొహాల్లోంచి తెలిసిందే. తర్వాత రిటైరయ్యాక తీరిక దొరికి కొంత చదివాను.

ఇన్నేళ్ళలో ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య నాకు కనిపించిన తేడా ఒకటుంది. ఉన్నవాడు ఆగగలడు. ధర లేకపోతే బెల్లం నెల రోజులు ఇంట్లోనే పెట్టుకుంటాడు. కొడుక్కి సీటు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేస్తాడు. ఒంట్లో బాగాలేకపోతే పడుకుంటాడు. లేనివాడికి ఈ మూడూ కుదరవు. ఈ రోజు ధరకే అమ్మాలి, ఈ ఏడాదే సంపాదనలో పడాలి, జ్వరంతోనే పనికి పోవాలి. ఎప్పుడూ తొందరలో బేరం చేసేవాడు ప్రతిసారీ కొంచెం నష్టపోతాడు. ఆ కొంచెం కొంచెమే పోగుపడి తాత దగ్గర్నుంచి మనవడి దాకా వస్తుంది. సమాజం చేయగలిగింది ఉందా అంటే ఉంది, చాలా ఉంది. వాటిల్లో నిజంగా పనిచేసినవాటిని చూస్తే అన్నీ ఏదో ఒక రూపంలో పేద కుటుంబానికి గడువు ఇచ్చినవే.

కమ్మల మాట ఎత్తావు కాబట్టి ఒక సంగతి చెబుతాను. బంగారుపాళెంలో ఉన్నప్పుడు ఒకామె ఏటా జూన్‌లో కమ్మలు తెచ్చేది. కొంగు ముడి విప్పి కౌంటర్ మీద పెట్టేది. ఆరు గ్రాములు. మా అప్రైజర్ గీటురాయి తీయకుండానే "ఇవి మనవే సార్" అని నవ్వేవాడు. రెండు వేల చిల్లర వచ్చేది. దాంతో చెనక్కాయ విత్తనాలు, పిల్లలకు బడి పుస్తకాలు. జూన్ నుంచి సంక్రాంతి దాకా ఆమె చెవుల్లో వేపపుల్లలు ఉండేవి, రంధ్రాలు పూడిపోకుండా. పంట అమ్మి, కూలి డబ్బులు కూడబెట్టి, పండక్కి ముందు వచ్చి విడిపించుకునేది. బీరువా దగ్గరే నిలబడి పుల్లలు తీసేసి కమ్మలు పెట్టుకుని పోయేది. నేనున్న నాలుగేళ్ళలో మూడేళ్ళు అట్లా జరిగింది. పాత లెడ్జర్లు తిరగేస్తే అంతకు ముందు ఇంకో ఏడేళ్ళు అదే పేరు, అదే బరువు, జూన్‌లో పెట్టడం, జనవరిలో తీసుకోవడం.

నాలుగో ఏడు, 2003లో, విడిపించుకోవడానికి ఆమె రాలేదు. చింతకాయలు దులపడానికి చెట్టెక్కి భర్త పడిపోయాడు. నడుము దెబ్బతింది. రాయవేలూరు తీసుకుపోయారు. వైద్యం బాగానే జరిగింది, మనిషి లేచి నడిచాడు. కానీ ఆ రెండు నెలల్లో ఊళ్ళో నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెచ్చారు, రెండు ఆవులు అమ్మారు, చిత్తూరులో ఇంటర్ చదివే పెద్ద కూతుర్ని మాన్పించారు. మరుసటి ఏడాదికే ఆ అమ్మాయికి పెళ్ళి చేసేశారు. వడ్డీ కట్టక గడువు దాటిన కమ్మలకు వేలం నోటీసు పోయింది. ఆ కాయితం మీద సంతకం నాదే. నోటీసు అందుకుని ఆమె వచ్చింది, గొడవేమీ చేయలేదు, "మిగిలేది ఏమైనా ఉంటుందా సార్" అని అడిగింది. చెవుల్లో వేపపుల్లలు అట్లాగే ఉన్నాయి.

నూటికి అయిదు అంటే ఏడాదికి 60 శాతం. పదివేలు తెస్తే ఏడాది తిరిగేసరికి వడ్డీయే ఆరువేలు. ఆ కుటుంబం సోమరిపోతు కుటుంబం కాదు, తాగుబోతు కుటుంబం అంతకన్నా కాదు. పదేళ్ళు ఒక్క ఏడూ తప్పకుండా అప్పు తీర్చినవాళ్ళు. ఒక్క పడిపాటుతో వాళ్ళ కూతురు తల్లి ఉన్న చోటికే వచ్చి నిలబడింది. మొదట్లో నేనూ అందరిలాగే "వీళ్ళకు పొదుపు తెలీదు" అనేవాణ్ణి. ఆ తర్వాత అనడం మానేశాను.

పరిశోధకులు ఇదే సంగతిని అంకెల్లో చూపించారు. అనిరుధ్ కృష్ణ అనే ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లోని 36 గ్రామాలు తీసుకుని, పాతికేళ్ళలో ఏ కుటుంబం ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో ఊరివాళ్ళనే కూర్చోబెట్టి రాబట్టాడు. 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో 12 శాతం కొత్తగా పేదరికంలో పడ్డాయి. రెండూ దాదాపు సమానం! పైకి వచ్చినవాళ్ళ కారణాలు వేరు, కిందికి పోయినవాళ్ళ కారణాలు వేరు. పడినవాళ్ళ కథల్లో పదే పదే వచ్చేవి జబ్బు, పెళ్ళిళ్ళూ చావుల ఖర్చు, అధిక వడ్డీ. మనం సభలు పెట్టి పైకి వచ్చిన 14 మందికి శాలువాలు కప్పుతాం. ఆ 12 మందిని ఎవరూ లెక్కపెట్టరు.

అందుకే నన్నడిగితే మొదటి పని ఈ జారడాన్ని ఆపడం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు బ్యాంకు కౌంటర్ దగ్గర తేడా నాకు కళ్ళారా కనిపించింది. ఆపరేషన్ కోసం బంగారం తెచ్చేవాళ్ళు తగ్గారు. పూర్తిగా పోలేదు, ఎందుకంటే ఆసుపత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదు. మంచం మీదున్న మనిషి కూలి పోతుంది, పక్కన కూర్చున్న మనిషి కూలీ పోతుంది, బస్సు చార్జీలు, బయట తిండి. ఇది గమనించే కాబోలు, 2019లో ఆరోగ్య ఆసరా అని పెట్టి, ఆపరేషన్ అయ్యాక విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చారు. పేరు ఎవరిదైనా పెట్టుకోనీ, జెండా రంగు ఏదైనా కానీ, "పడుకో, లేచేదాకా ఇంత ఇస్తాం" అనే పథకం ప్రభుత్వాలు మారినా మారకుండా ఉండాలి. ఉన్నవాడికి సిక్ లీవు ఉంది. నాకూ ఉండేది. లేనివాడికి దొరికింది అదొక్కటే.

ఇక అప్పు. బ్యాంకువాడిగా దీని గురించి ఎక్కువ చెబితే విసుగు పుడుతుందేమో, అయినా చెప్పక తప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోంచే ఆడవాళ్ళ పొదుపు సంఘాల ఉద్యమం లేచింది. 2004లో ఆ సంఘాల అప్పులకు పావలా వడ్డీ వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. బయట అయిదు రూపాయలు నడిచే ఊళ్ళో పావలా అంటే ఎంత తేడానో లెక్కవేసుకో. కానీ సంఘాల అసలు బలం బ్యాంకు లోను కాదంటాను. రాత్రి పదకొండుకు బిడ్డకు ఫిట్స్ వస్తే, వీధి దాటకుండా నాలుగు ఇళ్ళ అవతల సంఘం పెట్టె దగ్గర్నుంచి రెండు వేలు తీసుకుని ఆటో ఎక్కగలగడం. ఆసామి గుమ్మం ముందు నిలబడక్కర్లేదు, రేపు వాళ్ళ పొలంలో ఊరికే పని చేయక్కర్లేదు. మీ తాత జీతానికి ఉన్నాడన్నావే, చాలామంది జీతగాళ్ళ కథ అట్లాంటి ఒక రాత్రి తెచ్చుకున్న చిన్న అప్పుతోనే మొదలైంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. చట్టం పత్రం మీద వెట్టిని తీసేసింది సరే, ఆ రాత్రి రెండు వేలు ఎవరిస్తారన్నది తేలకుండా అది ఊళ్ళోంచి పోలేదు.

సంఘాల్లో ఒక లోపం కూడా చూశాను. వారం వారం పొదుపు కట్టలేని మనిషిని ఏ సంఘమూ చేర్చుకోదు. ఒకరు ఎగ్గొడితే పదిమందికీ దెబ్బ, వాళ్ళ భయం వాళ్ళది. మరీ అడుగున ఉన్నవాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, తాగుబోతు మొగుడున్నవాళ్ళు బయటే మిగిలిపోతారు. వాళ్ళను పట్టుకున్నది వారం వాయిదాల ప్రైవేటు అప్పు. ఈ రోజు చేతిలో డబ్బు పెడతారు, రెండో వారమే వాయిదా మొదలు. ఆవు కొంటే రెండో వారానికి పాలిస్తుందా? అంగడి పెడితే రెండో వారానికి బేరాలు నిలదొక్కుకుంటాయా? 2010 నాటికి ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, దాని మీద మూడోది పేరుకుని, ఆత్మహత్యలు కూడా జరిగి, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కట్టడి చేయాల్సి వచ్చింది. కోల్‌కతాలో ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. అదే అప్పు, అదే వడ్డీ. కొందరికి రెండు వారాలకు, కొందరికి రెండు నెలలకు వాయిదా మొదలుపెట్టారు. రెండు నెలలు ఆగినవాళ్ళు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, మూడేళ్ళ తర్వాత చూస్తే వాళ్ళ లాభాలూ ఆదాయమూ రెండోవాళ్ళకంటే బాగా ఎక్కువ. అయితే ఎగ్గొట్టినవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. అందుకే ఏ ప్రైవేటు కంపెనీ తనంతట తాను ఆ గడువు ఇవ్వదు. ఆ నష్టంలో ఎవరో ఒకరు భాగం పంచుకోవాలి. సమాజం అనే మాటకు ఇక్కడ అర్థం వస్తుంది.

మరీ అడుగున ఉన్నవాళ్ళకు అప్పు కంటే నేరుగా ఆస్తి ఇవ్వడం మేలు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2002లో ఇట్లాంటిది మొదలుపెట్టింది. ఆవునో మేకలనో ఇస్తారు. ఇచ్చి ఊరుకోరు. కొన్ని నెలలపాటు తిండి ఖర్చుకు కొంత డబ్బు ఇస్తారు, వారం వారం ఒక మనిషి వచ్చి చూసిపోతాడు, పొదుపు చేయిస్తారు, జబ్బు చేస్తే చూస్తారు. మన దేశంతో సహా ఆరు దేశాల్లో దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆ పనిలో ఉన్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు తర్వాత 2019లో నోబెల్ వచ్చింది. ఆరింట అయిదు దేశాల్లో మంచి ఫలితాలు. బెంగాల్లో పదేళ్ళ తర్వాత వెళ్ళి చూసినా ఆ కుటుంబాలు మెరుగ్గానే ఉన్నాయి. ఆవుతో పాటు తిండి డబ్బు ఎందుకంటావా? ఊరికే ఆవునిస్తే ఆకలేసిన రోజు ఆవును అమ్ముకుంటారు కాబట్టి. మన ఆఫీసర్లకు ఈ చిన్న సంగతి తట్టక ఎన్ని లోను ఆవులు సంతకు పోయాయో! నేనే ఇన్స్పెక్షన్‌కు పోయి, ఒకే ఆవును మూడు ఇళ్ళలో చూశాను. ముగ్గురూ దాని చెవికున్న బిళ్ళ నంబరు మాత్రం ఠక్కున చెప్పారు.

ఇది అన్ని చోట్లా పనిచేస్తుందని కూడా అనుకోవద్దు. మెదక్ జిల్లాలో ఇట్లాంటి కార్యక్రమమే చేస్తే పెద్దగా తేడా రాలేదు. గేదెలు తీసుకున్నవాళ్ళు కూలి మాని గేదెలు చూసుకున్నారు. తీసుకోనివాళ్ళు కూలికి పోయారు, అప్పుడే కూలి రేట్లు పెరిగాయి, ఇద్దరూ ఒకే చోటికి చేరారు. దీన్నిబట్టి నాకు అర్థమైందేమిటంటే, కూలి రేటు అన్నది చాలా పెద్ద విషయం. ఉపాధి హామీ 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు "జనం సోమరులైపోతారు, పొలాలకు మనుషులు దొరకరు" అని బ్యాంకులో నా ముందు కూర్చుని తిట్టని రైతు లేడు. వాళ్ళ బాధ వాళ్ళది, కాదనను. 2010 తర్వాత ఎనిమిది జిల్లాల్లో స్మార్ట్ కార్డులతో ఉపాధి కూలి త్వరగా, కోతలు లేకుండా అందేలా చేసి ఏం జరిగిందో కొలిచారు. పేద కుటుంబాల ఆదాయం పెరిగింది. విచిత్రం ఏమిటంటే అందులో ఎక్కువ భాగం ఉపాధి పనిలోంచి రాలేదు, బయటి కూలిలోంచి వచ్చింది. "ఈ రేటుకు రాను, ఉపాధి పనికి పోతా" అనగలిగినందుకే ఆసాములు రేటు పెంచారు. ఒక్కరోజు ఆగగలిగితే బేరం అంత మారుతుంది.

భూమి గురించి ఒక్క మాట. మన వైపు పేదలకు ప్రభుత్వ భూమి ఇస్తూ రాసిన డీకేటీ పట్టాలు చాలామంది ఇళ్ళల్లో ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి. 2023లో కొంత సడలించేదాకా 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, అది వాళ్ళ మంచికే పెట్టారు. కానీ నీళ్ళు లేని గుట్టపక్క రెండెకరాల మీద మేమూ పెద్దగా అప్పు ఇచ్చేవాళ్ళం కాదు. బోరు వేస్తే నీళ్ళు పడతాయో లేదో, పడకపోతే లక్ష రూపాయలు మట్టిలో. పట్టా ఇచ్చిన చేత్తోనే నీళ్ళ సంగతీ, బోరు ఎండితే ఆ నష్టం సంగతీ చూడకపోతే ఆ కాయితానికి ఫ్రేము కట్టించుకోవాల్సిందే.

ఇదంతా పేదలకే అనుకునేవు, 2025లో తోతాపురి మామిడి రైతుల్ని చూశావు కదా. పండిన కాయ ఆగదు, ట్రాక్టర్ బాడుగ ఆగదు, ఫ్యాక్టరీ గేటు ముందు క్యూ మాత్రం కదలదు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అని చెప్పాక కూడా రోజుల తరబడి రోడ్ల మీదే పడుకున్నారు. పదెకరాల తోట ఉన్నవాడే అట్లా విలవిల్లాడాడు. అదే తోటలో కాయ కోసిన కూలివాడి సంగతి ఏ పేపర్లోనూ రాలేదు.

కులం సంగతి రాయకుండా పోతే నేను అబద్ధం చెప్పినట్టే. 2018లో ఓఈసీడీ అనే సంపన్న దేశాల సంస్థ ఒక లెక్క కట్టింది. అడుగున పుట్టిన కుటుంబం దేశ సగటు ఆదాయానికి చేరాలంటే డెన్మార్క్‌లో 2 తరాలు పడుతుంది, మన దేశంలో 7 తరాలు. మనవాళ్ళు "ఏడు తరాలు కూర్చుని తిన్నా తరగదు" అంటారు ఆస్తి గురించి. లేమికీ అదే లెక్క సరిపోయిందన్నమాట. ఆ ఏడు కూడా సగటే. ఊరి నడుమ ఉన్న పేదవాడికీ ఊరవతల కాలనీలో ఉన్న పేదవాడికీ ఒకే అప్పు ఫారం ఇచ్చాను నేను. కానీ ష్యూరిటీ సంతకానికి మొదటివాడి వెంట పెద్దనాయనో, మేనమామో, టీచరు పని చేసే బంధువో వచ్చేవాడు. రెండోవాడి వెంట వచ్చినవాళ్ళందరూ వాడిలాంటివాళ్ళే, వాళ్ళ సంతకం బ్యాంకుకు చెల్లదు. ఫారంలో కులం కాలమ్‌ అక్కర్లేకుండానే అంతా తేలిపోయేది.

ఇప్పుడు చదువు. దీని గురించి అందరూ చెబుతారు, బడుల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను చూసిన ఇరుకు సందు మాత్రం పదిహేనేళ్ళకూ ఇరవై రెండేళ్ళకూ మధ్య ఉంది. అప్పటిదాకా బిడ్డ ఖర్చు, అప్పట్నుంచి బిడ్డ సంపాదించగలదు. బడికి పంపితే ఖర్చుతో పాటు ఆ సంపాదన కూడా వదులుకోవాలి. ఇందాక చెప్పిన కమ్మలామె కూతురికి ఇంటర్ పూర్తి కావడానికి ఇంకో ఎనిమిది నెలలే ఉంది. బస్సు పాసు, పరీక్ష ఫీజు, మధ్యాహ్నం ఒక టిఫిను. నేనే ఆ మొత్తం లెక్కవేసి చూశాను ఒకసారి, రిటైరయ్యాక. రాయడానికి కూడా సిగ్గేసేంత చిన్న మొత్తం.

తిరుపతికి ఈ విషయంలో అదృష్టం ఉంది. 1952లోనే ఆడపిల్లలకు పద్మావతి కాలేజీ, 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం. కరువు మండలాల నుంచి ఎర్రబస్సు ఎక్కి వచ్చి, హాస్టల్లో చేరి, ఇంట్లో మొదటి డిగ్రీ సంపాదించిన ఆడపిల్లలు ఎంతమందో. హాస్టలే అసలు సంగతి. అక్కడ అన్నం దొరుకుతుంది, చదువు మానేసి పనికి పొమ్మనేవాళ్ళు పక్కన ఉండరు. 2008లో పెట్టిన ఇడుపులపాయ, నూజివీడు ట్రిపుల్ ఐటీలదీ అదే సూత్రం. పదో తరగతి మార్కులతో చేర్చుకుని, సర్కారు బడి పిల్లలకు కొన్ని మార్కులు కలిపి, ఆరేళ్ళపాటు ఇంటి అవసరాలు తాకకుండా దాచిపెడతారు. అదే ఏడాది వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా గొప్ప పనే. కానీ డబ్బు సమయానికి రాకపోతే కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఆపుతారు. మా బంధువుల అబ్బాయికి ఒక కాలేజీలో ఇట్లాగే ఆపితే, చేతికొచ్చిన ఉద్యోగం చేరే తేదీ దాటిపోయింది. గడువు ఇవ్వడానికి పుట్టిన పథకమే పేదవాణ్ణి నిలబెట్టి గడువు తినేసింది. బడ్జెట్లో ఎంత కేటాయించారన్నది కాదు, ఏ తేదీకి పడిందన్నది నేను చూస్తాను. బ్యాంకువాడి అలవాటు.

ఇంకొకటి, దారి తెలిసిన మనిషి. 2022లో రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త బృందం అమెరికాలో 7 కోట్లకు పైగా మనుషుల ఫేస్‌బుక్ స్నేహాలు పరిశీలించింది. పేద పిల్లలకు కాస్త ఉన్న ఇళ్ళ పిల్లలతో స్నేహాలు ఎక్కువ ఉన్న ఊళ్ళలో, ఆ పేద పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదిస్తున్నారని తేలింది. మనకు ఇది వింతేం కాదు, "తెలిసినోళ్ళు ఉండాలబ్బా" అని రోజూ అనుకునేదే. మన దగ్గర మాత్రం ఉన్నవాళ్ళ పిల్లలు ఒక బడికి, లేనివాళ్ళ పిల్లలు ఇంకో బడికి పోయే ఏర్పాటు పకడ్బందీగా చేసుకున్నాం.

సత్యవేడులో ఉండగా శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సుల్లోంచి ఆడపిల్లలు దిగడం రోజూ చూసేవాణ్ణి. మొదటి జీతం పడ్డ పాసుపుస్తకం ప్రింట్ చేయించుకుని, గోడ పక్కకు పోయి, ఆ ఒక్క లైనును వేలితో మళ్ళీ మళ్ళీ చదువుకునేవాళ్ళు. ఇంట్లో వాళ్ళ మాటకు విలువ పెరిగింది, పెళ్ళిళ్ళు రెండు మూడేళ్ళు వెనక్కి జరిగాయి. అది చిన్న మార్పు కాదు. అయితే లైన్లో చేరిన పిల్ల అయిదేళ్ళకూ లైన్లోనే ఉంటే, పెళ్ళితో ఆ ఉద్యోగం పోతే, తర్వాతి తరానికి అందేది కొంతే. సాయంత్రం షిఫ్టు తర్వాత డిప్లొమా చదివే ఏర్పాటు ఉన్నచోట మాత్రం కొందరు సూపర్‌వైజర్లు కావడం చూశాను.

తిరుపతిలో కడుపు నింపుకోవడం కష్టం కాదు. కొండమీద 1985 నుంచి నిత్యాన్నదానం ఉంది, కింద పూలు కట్టినా, లాడ్జీలో గదులు తుడిచినా, టెంపోలకు మనుషుల్ని పిలిచినా పూట గడుస్తుంది. గడుస్తుంది కాబట్టే కొన్ని కుటుంబాలు రెండు తరాలుగా అవే పనుల్లో ఉండిపోయాయి. నీ డెలివరీ పని కూడా ఆ కోవదే అని నా అనుమానం. పెట్రోలు, బండి వాయిదా, టైర్లు పోను చేతికి ఎంత మిగులుతుందో ఒక్క నెల పుస్తకంలో రాసి చూడు. మూడేళ్ళకు బండి అరిగిపోతుంది, ఆ అరుగుదల కూడా నీ ఖర్చే.

చెల్లెలి విషయం ముందు చూడు. పదో తరగతి మెమోలో పేరూ ఆధార్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటేనా, ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉందా చూసుకో. ఎంతమంది ఆ ఒక్క అక్షరం దగ్గర ఇరుక్కున్నారో నాకు తెలుసు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టు, కౌన్సెలింగ్ మొదలయ్యాక పరిగెత్తవద్దు. ఆ అమ్మాయి పేరునే ఆధార్‌కు లింకు చేసిన ఖాతా ఉండాలి. హాస్టల్ ఉన్న సర్కారు కాలేజీలు మొదటి ఆప్షన్లుగా పెట్టించు, ఎవరు ఏమన్నా సరే.

ఇక కమ్మలు. కొట్లో నూటికి రెండు రూపాయలు అన్నావు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో అందులో సగానికంటే తక్కువకే పెట్టుకోవచ్చు. విడిపించడానికి ఒక్కరోజు చేతిలో డబ్బు కావాలి, అదే కదా మీకు కుదరనిది. మీ అమ్మ సంఘంలో ఉంటే ఆ ఒక్కరోజుకు అక్కడ అడగమను. కొట్టువాడిచ్చిన చీటీ మీద ఎన్ని గ్రాములు రాసుంది, చివరిసారి వడ్డీ ఎప్పుడు కట్టారు, గడువు ఏ నెలదాకా ఉంది, ఈ మూడూ చూసి నాకు చెప్పు.